కుడి చెంప మీద ఎర్రమన్ను

మశూచి టీకాలు వేసే ఉద్యోగి మార్కాపురం నుంచి మధ్యాహ్నం బస్సుకు వచ్చేవాడు. ఆ వేళకు గొర్రెల కాపరులమంతా అడవిలో ఉండేవాళ్లం. దాంతో టీకాలు ఊరికి, మశూచి మాకు అన్నట్టుండేది. ముందు ఏడు మనవరాలిని పోగొట్టుకున్న మా అవ్వ, పట్టుబట్టి ఆయన్ను రాత్రికి ఊళ్లోనే ఉంచి, పొద్దున్నే గొర్రెల దొడ్డికే రప్పించింది. మందు తాగించిన గొర్రెలకు గుర్తు పెట్టినట్టే, టీకా పడ్డ ప్రతివాడి ఎడమ చెంపకూ ఎర్రమన్ను పూసింది. టీకా అంటే వణికే నేను, ఎదురుగా నిలబడ్డ మామ చెంప మీది గుర్తు చూసి, అద్దంలో చూసినట్టు అదే పక్క నా చెంపకు నేనే మన్ను పూసుకున్నాను.

"ఏందిరా, అందరికీ ఎడమ చెంపకు పెట్టినా, నీకు కుడి చెంపకు ఎట్ల పోయింది?" అంది అవ్వ. "అయ్యా, వీనికి రెండు చేతులకూ వెయ్యండి."

ఆ ఏడు మాలో ఎవరికీ మశూచి రాలేదు. నాకైతే రెండు చేతులా రాలేదు.