మూడు పుట్టినరోజుల షాలేం రాజు

"తొమ్మిది నెలలు నిండాయి. ఇంకా పాకట్లేదు. దీనికేమైనా తేడా ఉందంటావా?"

దేదీప్య మాట విని, కంచెకు అవతల మిరప మొక్కలకు నీళ్లు పోస్తున్న పొడుగాటి మనిషి పైపు కింద పెట్టాడు. ఇవతల ఇంటి వెనక చెక్క డెక్ మీద చాప. చాప మీద బోర్లా పడుకుని, తన గుప్పిటను తానే ఆశ్చర్యంగా చూసుకుంటున్న ఆద్య. దేదీప్య చేతిలో ఫోన్, ఫోన్‌లో ఏ నెలకు పిల్లలేం చేయాలో చెప్పే పట్టిక.

"ఏ లెక్కలో తొమ్మిదక్కా?" అన్నాడతను.

అదీ షాలేం రాజు జబ్బు. మిగతా అన్ని విషయాల్లో బుద్ధిమంతుడే. వయసు మాట వస్తే మాత్రం ఒక్క అంకెతో సరిపెట్టుకోడు. ఎవరు ఏ వయసు చెప్పినా 'ఏ లెక్కలో?' అనకుండా ఉండలేడు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులోనూ అన్నాడు. ఆ రోజు అతని వెనక క్యూ వీధి మలుపు దాటిందని చెప్పుకుంటారు.

"ఆరు వారాలు ముందు పుట్టింది కదక్కా. రావాల్సిన తేదీ నుంచి ఎంచితే ఏడున్నరే. ఏడున్నరకి పాకలేదని ఎవరన్నా కేసు పెడతారా?"

డాక్టరూ ఈ మాటే చెప్పింది. మందుల పరీక్షల అంకెల మీద రోజంతా పనిచేసే దేదీప్యకు ఆ సవరణ తెలియక కాదు. కానీ తెలియడం వేరు, గుండె కుదుటపడటం వేరు. లోపల్నుంచి భర్త రఘువీర్ కేకేశాడు: "ఏమైతదే, పాకకపోతే నడుస్తది." ఓరుగల్లు వైద్యం అంతే.

షాలేం రాజు ఉండేది పక్క టౌన్‌హౌస్‌లో. అది నలుగురు యూదు యువతీయువకులు కలిసి ఉండే ఇల్లు. ఒక సంస్థ అద్దెలో సింహభాగం భరిస్తుంది, బదులుగా వాళ్లు ప్రతి శుక్రవారం తమ ఈడు యూదులను పిలిచి భోజనం పెట్టాలి, పండుగలు చేయాలి. ఇంట్లో ఉండేవాళ్లకైనా, విందుకొచ్చేవాళ్లకైనా ముప్పై రెండేళ్లే హద్దు. ముప్పై మూడు వచ్చిన నెల దాటితే పెట్టె సర్దుకోవాల్సిందే.

మరి ఆ ఇంట్లో గుంటూరువాడేం చేస్తున్నాడంటే, అతనూ యూదుడే. గుంటూరు దగ్గర తెలుగు మాట్లాడే యూదులు కొద్దిమంది ఉన్నారు. ఈ సంగతి అతను అమెరికాలోని ఈ మోరిస్‌విల్ ఊళ్లో, ఇండియన్ స్టోర్‌లో వారానికి ఒకరికైనా చెప్పాల్సి వచ్చేది. తెలుగు చర్చికి పెద్దదిక్కయిన కరుణమ్మ ఆంటీ అతన్ని కరివేపాకు దగ్గర పట్టుకున్న రోజు దేదీప్య పక్కనే ఉంది.

"ఏ చర్చికి వెళ్తావు బాబూ?"

"చర్చి కాదాంటీ, మేం యూదులం."

"పేరు షాలేం రాజు, ఊరు గుంటూరు పక్క. యూదులేంటయ్యా?"

"మీ బైబిల్లో మొదటి భాగంతో మా పుస్తకం అయిపోతుందాంటీ."

"రెండో భాగం సన్నదే కదా, దానికే ఆపేశావా," అని ఆవిడ జాలిపడింది. తర్వాత గొంతు తగ్గించి, "వయసెంత?" అంది.

"దేనికాంటీ? ఉద్యోగానికా, పెళ్లికా?"

"పెళ్లికే అనుకో."

"పెళ్లికైతే అమ్మ లెక్క. ముప్పై. పాస్‌పోర్టు లెక్కలో ముప్పై మూడు రాబోతున్నాయి."

కరుణమ్మ అటూ ఇటూ చూసింది. "మా అమ్మాయి ప్రిస్సిల్లాకీ రెండు లెక్కలున్నాయిలే," అంది.

ఈ లెక్కల పుట్టుక ఇదీ. షాలేం రాజు అక్క ఫెబీ బళ్లో చేరిన రోజు, మూడేళ్లు కూడా నిండని తమ్ముడు వెంటపడి ఏడుస్తూ వెళ్లాడు. రోజూ వెళ్లాడు. బడి గుమ్మంలో పడి రోజూ ఏడ్చాడు. నాలుగో రోజుకు రాఘవులు మాస్టారి ఓపిక ఆవిరైంది. "వీడి ఏడుపు వినేకంటే పాఠం చెప్పడం తేలిక," అని రిజిస్టరు తెరిచి, ఐదేళ్లు నిండినట్టు జూన్ ఒకటో తేదీ వేసి ఒకటో తరగతిలో కూలేశారు. ఆ బళ్లో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు మరి. ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌కెక్కింది, అక్కణ్నుంచి పాస్‌పోర్టుకు, వీసాకు పాకింది. అసలు పుట్టింది నవంబరు తుఫానులో. ఇక మూడోది యూదుల పంచాంగం ప్రకారం వచ్చేది. మన ఉగాదిలాగే ఏటా తేదీ మారుతుంది.

అంటే ఏడాదికి మూడు కేకులు. "ఒక్క మనిషి, మూడు కేకులు, కొవ్వొత్తుల సంఖ్య మీద మళ్లీ చర్చ," అని ఇంటి బాధ్యతలు చూసే మిరియం నెత్తి పట్టుకునేది.

దేదీప్యకూ చిక్కు తప్పలేదు. పరిచయమైన కొత్తలో "అక్కా అనకు, నేను నీకంటే చిన్నదాన్ని," అంది.

"పాస్‌పోర్టులో చెల్లెలు. అమ్మ లెక్కలో అక్క. నేను అక్కనే ఖాయం చేసుకున్నా."

"ఎందుకని?"

"చెల్లెలికైతే నేను పెట్టాలి. అక్కయితే కూర మీరు పెడతారు."

పెట్టక తప్పేది కాదు. శుక్రవారం విందులో జడలా అల్లిన వాళ్ల రొట్టె పక్కన దేదీప్య గోంగూర పచ్చడి ఉండి తీరేది. పొరుగువాళ్లం కాబట్టి మాకు వయసు పట్టింపు లేదని ఆమె అనుకుంది గానీ, తర్వాత చూస్తే విందు జాబితాలో ఆద్య పేరు ఎదురుగా షాలేం రాజు దస్తూరీతో, 'హద్దులోపే ఉంది' అని రాసి ఉంది.

ఆ జాబితాలో అంతకంటే వింతలున్నాయి. హెర్షెల్ గారనే డెబ్భై దాటిన పెద్దాయన, భార్య పోయాక ఒంటరిగా ఉంటూ ఒక శుక్రవారం ఆ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ముప్పై రెండే హద్దని మిరియం మొహమాటపడుతూ చెప్పింది. షాలేం రాజు అడ్డొచ్చాడు.

"మీరు పుట్టిందెప్పుడండీ?"

"ఫిబ్రవరి ఇరవై తొమ్మిది."

"ఇప్పటికి ఎన్ని పుట్టినరోజులొచ్చాయి?"

పెద్దాయన వేళ్లు మడిచాడు. "పద్దెనిమిది."

"పద్దెనిమిదేళ్ల కుర్రాడు, ఆకలితో వచ్చాడు మిరియం. పక్కకు జరుగు."

అప్పట్నుంచి హెర్షెల్ గారు ఒక్క శుక్రవారం తప్పలేదు.

ఇలా అందరికీ లెక్కలు కట్టిన మనిషికి మే నెలలో సంస్థ నుంచి ఉత్తరమొచ్చింది. జూన్ ఒకటికి మీకు ముప్పై మూడు, నెలాఖరుకు గది ఖాళీ చేయండి అని. ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయాయి. యూనివర్సిటీలో మిరప ఘాటు మీద అతను చేస్తున్న పరిశోధనకు ఇంకా రెండేళ్ల పనుంది. ఆ ఇంటి వంటగదీ, ఆ నలుగురి సందడీ పోతే ఎలా అని దేదీప్యకే బెంగ పట్టుకుంది. పాప పాకదేమో అన్న బెంగ పక్కన దీనికీ చోటిచ్చింది.

కానీ ఇది లెక్కతో తేలే బెంగ. పాస్‌పోర్టును కదిలిస్తే వీసాకు ఎసరొస్తుంది, నిజమే. సంస్థకు పాస్‌పోర్టుతో పనేముంది? నడుం బిగించింది. గుంటూరుకు వీడియో కాల్ చేసి వాళ్లమ్మ చేత తుఫాను కథ చెప్పించింది. పాత వార్తలు వెతికి తుఫాను తేదీ పట్టింది. ఎనభై ఏళ్ల రాఘవులు మాస్టారిని ఫోన్‌లో దొరికించుకుంది.

"ఆ తేదీ మీరే వేశారా మాస్టారూ?"

"నేనేనమ్మా. ఇప్పుడు పోలీసులొస్తారా?"

"రారండి. ఒక కాగితం మీద రాసిస్తే చాలు."

"వాడు ఇంకా ఏడుస్తున్నాడా?"

"లేదండి."

"అయితే రాసిస్తా."

అన్నీ కలిపి సంస్థకు పంపింది. సంస్థ ఆఫీసులోని డెబ్రా అనే ఆవిడ మూడు రోజులు ఆలోచించి ఫోన్ చేసింది: "ఇంత శ్రద్ధగా కట్టిన వయసు నేనెప్పుడూ చూడలేదు. అతను సంతకం పెడితే, అమ్మగారి లెక్కే ఖాయం చేస్తాం."

దేదీప్య పాపను చంకనేసుకుని పక్కింటికి పరిగెత్తింది. షాలేం రాజు ఆ కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. మాస్టారి దస్తూరీ చూసి నవ్వాడు. తర్వాత మడిచి ఆమె చేతికిచ్చేశాడు.

"నాకు ముప్పై మూడక్కా."

"ఏ లెక్కలో?" ఈసారి ఆ మాటన్నది దేదీప్య.

"పాస్‌పోర్టు లెక్కలో. ప్రభుత్వం ముద్రేసింది. దాన్ని కాదంటే ఎట్లా?"

లైసెన్స్ ఆఫీసును గంటసేపు నిలబెట్టినవాడు అనాల్సిన మాట కాదిది. ఇన్ని రోజుల కష్టం గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది. గిన్నెలు కడుగుతున్న మిరియం వెనక్కి తిరక్కుండానే గుట్టు విప్పింది.

"రాకేల్ కోసం. వెయిటింగ్ లిస్టులో ముందున్నది ఆమే."

రాకేల్‌ను దేదీప్య ఎరుగును. ఆసుపత్రిలో నర్సు. ఊరికి కొత్త. శుక్రవారం తప్ప మరే రోజూ మనుషుల మధ్య కూర్చుని తినని పిల్ల. ఇంట్లో కొత్తగా చేరేవాళ్లకు ముప్పై రెండు నిండకూడదని ఇంకో నియమముంది. ఆమెకు జూలై తొమ్మిదికి నిండుతాయి. గది జూన్ నెలాఖరుకు ఖాళీ అయితేనే ఆమెకు చోటు. తప్పితే ఇక ఎప్పటికీ లేదు.

"ఆమెకీ ఏదో ఒక లెక్క కట్టకపోయావా?" అంది దేదీప్య.

షాలేం రాజు తల గోక్కున్నాడు. "నెల రోజులు ప్రయత్నించానక్కా. ఒహాయోలో పెద్దాసుపత్రిలో పుట్టింది. గంటా నిమిషంతో సహా రాసిపెట్టారు. పంచాంగం మార్చి చూసినా పది రోజులు కూడా కలిసిరాలేదు. పాపం ఆ అమ్మాయికి ఒక్కటే పుట్టినరోజు. నాకు మూడున్నాయి, ఒకటి ఆమెకి వాడితే తరుగుతాయా?"

దేదీప్య ఆ కాగితాలను చించలేదు. డబ్బాలో దాచింది. ఎప్పటికైనా పెళ్లికి పనికొస్తాయి.

జూన్ ముప్పైన సామాను బయటకొచ్చింది. ఒక సూట్‌కేసు, ఒక ప్రెషర్ కుక్కర్, పదకొండు మిరప కుండీలు. కారులో హెర్షెల్ గారు హారన్ కొడుతున్నాడు. ఆయన ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉంది.

"పద్దెనిమిదేళ్ల కుర్రాడితో రూమ్మేట్," అన్నాడు షాలేం రాజు. "రాత్రుళ్లు మ్యూజిక్ పెడతాడేమోనని భయంగా ఉందక్కా."

అప్పుడు గడ్డిలో కూర్చున్న ఆద్య కదిలింది. పాకలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే పిర్రల మీద డేకుతూ, ఒక కాలు తెడ్డులా వేస్తూ, నేరుగా ఒక కుండీ దాకా వెళ్లి ఆకు పట్టుకుంది.

"ఇది ఏ లెక్కల ఉన్నదిరా షాలేం?" అన్నాడు రఘువీర్.

"ఏ పట్టికలోనూ లేదన్నా. సొంత లెక్క."

దేదీప్య అప్పటికే ఫోన్ తీసి పట్టిక వెతకబోయింది. షాలేం రాజు ఆ ఫోన్ మీద అరచెయ్యి అడ్డుపెట్టాడు. "వయసు అడిగేవాళ్ల చెయ్యి ఎక్కడుందో చూడండక్కా. తలుపు తీయడానికి అడుగుతుంటే, వాళ్లకు కావాల్సిన వయసే చెప్పండి. తలుపు వేయడానికి అడుగుతుంటే, ఏ లెక్కలో అని అడగండి," అని చెప్పి కారెక్కాడు.

జూలైలో లైబ్రరీలో పిల్లలకు కథలు చెప్పే గది దగ్గర ఒకావిడ తలుపు సగం మూసి అడిగింది: "ఏడాది నిండినవాళ్లకేనండి. పాపకెంత?"

దేదీప్య ఆవిడ చెయ్యి వైపు చూసింది. చెయ్యి తలుపు గుబ్బ మీదుంది.

"ఏ లెక్కలో అండీ?" అంది. "కడుపులో పడ్డ రోజు నుంచైతే ఏడాదిన్నర."