నిర్మల బతికిన వారం

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఫ్యాను చప్పుడులో నా మాట సరిగ్గా వినపడదు. నిన్న మా మనవరాలు ఫోనులో ఏదో పాత పత్రిక సీరియల్ పెట్టింది. ఎవరో అమ్మాయి చదువుతోంది. "నిర్మల నౌక తలుపు వైపు చూసింది" అన్న మాట చెవిన పడగానే కూర తరుగుతున్నదాన్ని కత్తిపీట వదిలేసి వచ్చి దాని పక్కన కూర్చున్నాను. అచ్చు కాకముందే ఆ వాక్యం విన్నదాన్ని నేను.

రామచంద్రపురంలో సూర్యం మాస్టారి ఇంటి వెనక వాటాలో అద్దెకుండి, అప్పడాలు వత్తి అమ్మేదాన్ని. ఆయన బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. చుక్కల మధ్య నౌకలో తిరిగే నిర్మల అనే పిల్ల కథని ఒక వారపత్రికకి సీరియల్‌గా రాసేవారు. ప్రతి భాగాన్నీ ముందుగా, మూడో తరగతితో చదువు ఆపేసిన నాకే చదివి వినిపించేవారు. నాకెందుకండీ అంటే, "నీ అప్పడాల కర్ర ఆగిందంటే భాగం బాగున్నట్టు. ఆడుతూనే ఉందంటే చింపేయాలి" అనేవారు. చుక్క వెలుగు మన దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందో పిండి ఉండలు వరసగా పేర్చి చెప్పేవారు. నేను తెలివైనదాన్నని నాకు మొదట చెప్పింది ఆయనే.

ఒక లక్ష్మివారం మధ్యాహ్నం ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో సంపాదకుడి ఉత్తరం పట్టుకుని వచ్చారు. మూడింటికల్లా పోస్టాఫీసులో సంచి కట్టేస్తారు. ఆలోపు ఆ భాగం వెళ్లాలి. గబగబా చదివారు. నౌకకి చిల్లు పడింది. తలుపు బయటి నుంచే మూయాలి, మూసినవాళ్లు మళ్లీ లోపలికి రాలేరు. నిర్మల బయటికి వెళ్లింది. నా కర్ర ఆగిపోయింది.

"చంపేస్తారేంటండీ మాస్టారూ?"

"ఈ వారం కోసమే మూడేళ్లుగా రాస్తున్నాను సత్యవతీ. ప్రతివారం ఆపద తెచ్చి మళ్లీ నేనే తీసేస్తుంటే, ఇక అది ఆపద ఎలా అవుతుంది? సంపాదకుడేమో నిర్మల పోతే పత్రిక కొనరంటున్నాడు. నువ్వేమంటావు?"

"అవన్నీ నాకు తెలీదండి. ఆ పిల్ల పోతే రేపట్నుంచి నేను వినను."

మా ఆయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. నా కళ్లల్లో నీళ్లు చూశారు, గడియారం చూశారు. రెండున్నర దాటింది. కలం మూత తీశారు, పెట్టారు.

"నువ్వూ అదే మాటంటావా?"

"ఆయ్, అంటానండి."

మళ్లీ మూత తీశారు. చివరి రెండు పేజీలు అడ్డంగా కొట్టేసి, నౌకకి ఇంకో తలుపు ఉందని రాశారు. పిండి చేతులతోనే కవరు పట్టుకుని పోస్టాఫీసుకి పరుగెత్తింది నేనే.

నిర్మల బతికిందని బస్సుల్లో జనం సంబరంగా చెప్పుకున్నారు. ఆ తర్వాత పదకొండేళ్లు సాగింది సీరియల్. ఏ ప్రమాదం వచ్చినా ఎక్కడో ఒక తలుపు దొరికేది. నేను ఇష్టంగానే వినేదాన్ని, కానీ నా చెయ్యి మాత్రం ఒక్కసారీ ఆగలేదు. మాస్టారు కర్ర వైపు చూసేవారు, కాగితాలు కవర్లో పెట్టేసేవారు. ఏ పేజీ చింపేవారూ కాదు.

ఆయన మంచాన పడ్డాక, గంజి తాగిస్తూ ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు నేను అడ్డు పడకుండా ఉండాల్సిందేమోనండి."

"నీదేం తప్పు? ఆ పిల్ల బతకాలనిపించింది, అడిగావు. భయపడింది నేను. నీ ఏడుపు నాకు సాకుగా దొరికింది" అన్నారు. ఇంకో గుక్క తాగి, "గంజిలో ఉప్పు తక్కువైంది" అన్నారు.

అప్పటినుంచి ఎవరైనా తమ పని తెచ్చి ఎలా ఉందంటే, నాకెలా ఉందో చెబుతాను గానీ మార్చమని బతిమాలను. అయినా మీ దగ్గర దాచడమెందుకు, నిర్మల బతికినందుకు నాకిప్పటికీ సంతోషమే. ఆ సంతోషం ఎప్పుడూ ఒంటరిగా రాదు, కొట్టేసిన ఆ రెండు పేజీల్ని కూడా వెంటబెట్టుకుని వస్తుంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మీ పిల్లలు ధైర్యం చేసి ఏదైనా తెచ్చి చూపించిన రోజున, చివరిదాకా వినే ఓపిక మీ ఇంట్లో అందరికీ ఉండాలి.