తెర అవతల కుర్చీ

మెట్ల మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మా ఏడేళ్ల పాపను కొత్తగూడెంలో ఒక ఫిజియోథెరపిస్టు చూసేది. కళ్లు తిరగడం తగ్గేందుకు, బొటనవేలు నిలబెట్టి పాప కళ్ల ముందు అటూ ఇటూ కదుపుతూ దాన్నే చూడమనేది.

"కళ్లు తిరుగుతున్నయా, బిడ్డా?"

పాప మొదట నా వైపు చూసి, "లేదు" అనేది. వెంటనే నేను, బడికి ఎప్పుడు పంపాలని అడిగేదాన్ని.

మూడోసారి ఆమె వేలు దించేసింది.

"నీ మొఖం చూసి చెప్తుందమ్మా. జర తెర అవుతల కూసో."

కూర్చున్నాను. మళ్లీ అదే ప్రశ్న.

"బాగ తిరుగుతున్నయ్ ఆంటీ. అమ్మకు చెప్పకుండ్రి, ఏడుస్తది."

"అవ్, చెప్పను. మెల్లగ చేద్దాం."

తెర మీద ఆ వేలి నీడ మరింత నెమ్మదిగా కదిలింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పాప కోలుకుని బడికి వెళ్తోంది. ఇప్పటికీ ఏమైనా నొప్పిగా ఉందా అని అడగాలంటే, గోడవైపు తిరిగి అడుగుతాను.