గొంతు కోసం ఆరు రోజులు

లెక్కల టీచరమ్మ గొంతుకి బళ్లో పెద్ద పేరు. మేడ మీద ఆవిడ ఎక్కం చెబితే గేటు దగ్గర వాచ్‌మన్ తప్పు లేకుండా అప్పజెప్పేవాడు. పిల్లలు చాటున ‘మైకు’ అనేవాళ్లు. ఇరవై ఏడేళ్లు మోగిన ఆ గొంతు ఈ ఏడాది పరీక్షల ముందు బొంగురుపోయింది, సెలవులకు పూర్తిగా పడిపోయింది.

“ఆరు రోజులు నోరు విప్పకండి. ఎక్కడికైనా వెళ్లి హాయిగా ఉండండి. అప్పటికీ రాకపోతే మాత్రం...” అన్నాడు డాక్టరు. మిగతాది మింగేశాడు.

అక్క ఆమెను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున లాడ్జికి తీసుకొచ్చింది. కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే ఉక్క. టీచరమ్మ ఏం కావాలన్నా చిన్న పుస్తకంలో రాసి చూపించేది. ఇద్దరి వాటా మాటలూ అక్కే మాట్లాడేది.

“చిన్నప్పట్నుంచీ నన్ను నోరెత్తనిచ్చావా? ఇన్నాళ్లకి దొరికావే!”

టీచరమ్మ భుజాలు కదిలేలా నవ్వేది, చప్పుడు లేకుండా.

ఏడో రోజు పొద్దున్నకి గడువు తీరింది. తొందరపడితే చెడుతుందేమోనని ఆమె ఇంకా నోరు విప్పలేదు. ఇద్దరూ ఒడ్డుకెళ్లారు. అక్క కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ఇటు తిరిగి చెయ్యి ఊపింది. వెనక పెద్ద అల లేస్తోంది.

టీచరమ్మ ఉన్న బలమంతా పెట్టి “అక్కా!” అని అరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ అరిచింది. మెడ నరాలు ఉబ్బాయి, అంతే.

అల అక్కని బోర్లా పడేసి ఇసుకలోకి ఈడ్చింది. మోకాలు చీరుకుపోయింది. ఉప్పునీళ్లు ఉమ్ముతూ లేచి, “చూస్తూ నిలబడ్డావేం తల్లీ! ఒక్క కేక వెయ్యకూడదూ? గడువు అయిపో...” అంటూ చెల్లెలి మొహం చూసి ఆగిపోయింది. ఇక్కడికొచ్చాక అక్క మాట మధ్యలో ఆగడం అదే మొదలు.

తడి ఇసుకలో ఇద్దరూ కూలబడ్డారు.

“ఇంకో నాలుగు రోజులుందామే,” అంది అక్క. “ఆరంటే కచ్చితంగా ఆరనా ఏంటి?”

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది. గదికొచ్చి అక్క మోకాలికి మందు రాసి కట్టు కట్టింది. ఆరని బట్టలు తడితోనే పెట్టెలో కుక్కింది.

బస్సు కదిలాక హెడ్‌మాస్టారు ఫోన్ చేశారు. అక్క తీసింది.

“గొంతా? బాగుందండీ... ఇప్పుడే పడుకుంది. లేచాక మాట్లాడిస్తా.”

పక్క సీట్లో టీచరమ్మ కళ్లు తెరుచుకునే ఉంది.