గోధుమరంగు పువ్వు వాసన

మా ఆయన ముక్కుతోనే మొక్కను ఎంచేవారని మా పేట భాలుబాసాలో మమ్మల్ని ఎరిగినవాళ్ళంతా ఇప్పటికీ చెబుతారు. శుద్ధ అబద్ధం. ఉక్కు కర్మాగారంలో కోక్ బట్టీల దగ్గర ఏళ్ళ తరబడి పొగ పీల్చిన మనిషి. పక్కన పాలు మాడినా ఆయనకు తెలిసేది కాదు. ఆర్కిడ్ల వాసన చూసింది నేను.

డెబ్భైల చివర్లో మొదలైంది ఆయనకు ఆ పిచ్చి. దల్మా కొండల వైపు సాల్ చెట్ల మీద దొరికే బదనిక అనే అడవి ఆర్కిడ్‌కు పువ్వు చిన్నదే గాని మంచి వాసన. కలకత్తా నుంచి తెచ్చిన ఆర్కిడ్‌కు పెద్ద ఊదా పువ్వు, వాసన లేదు. ఒకదాని పుప్పొడి రెండోదానికి అద్దితే, పెద్ద పువ్వూ వాసనా ఒకే మొక్కకు వస్తాయని ఆశ. కాయ ముదిరాక, దుమ్ములాంటి ఆ గింజల్ని ఖాళీ గ్లూకోజు సీసాల్లో మొలిపించేవారు. సీసాల్ని ఉడకబెట్టడానికి నా ప్రెషర్ కుక్కరు. ఆ రోజుల్లో మా ఇంట్లో పప్పు గిన్నెలో ఉడికేది, ఉడికితే.

ఆ మొలకలు పూయడానికి ఏళ్ళు పట్టింది. పూశాక నా పని మొదలు. పొద్దుటి ఎండ తగిలితేగాని వాటికి వాసన రాదు. సరిగ్గా పిల్లల టిఫిన్ల వేళ. నేను ఒక్కో పువ్వు దగ్గరా వంగి లేచేదాకా ఇంట్లో పోపు పెట్టకూడదు. నైట్ డ్యూటీ దిగి వచ్చి ఆయన నా వెనకే నిలబడేవారు.

"ఏటే, వత్తందా?"

"మీ బట్టల గ్రీజు వాసన వత్తంది. కాస్త అవతలికి జరగండి."

నాలుగు పువ్వులయ్యేసరికి ముక్కుకు ఏదీ తెలిసేది కాదు. నడుం నొప్పి మాత్రం తెలిసేది.

చివరికి రెండు మొక్కలు మిగిలాయి. ఒకటి పెద్ద ఊదా పువ్వు, వాసన శూన్యం. రెండోది గోధుమరంగుది, అంచులు ముడతలు. దానికి పచ్చికొబ్బరిలో ఏలక్కాయ నలిపినట్టుండే వాసన, చివర కాస్త నిమ్మతొక్క. ఆ మాటే ఆయనకు చెప్పాను. వరండాలో చోటు లేదు, మళ్ళీ గింజ కట్టించడానికి ఒక్కదాన్నే ఉంచుకోవాలి.

"గోధుమదే" అన్నాను.

"దాని మొకం చూసేవా? ఎండు మట్టలాగుంది."

"మొకం చూడ్డానికైతే నన్నెందుకు పిలవడం? వాసన కోసం కాదేటి ఇన్నేళ్ళూ?"

"జనం ముందు కళ్ళతో చూత్తారే. వాసన తరవాత."

మా పెద్దమ్మాయి టిఫిన్ డబ్బా మూస్తూ, "మమ్మీ, రహ్నే దో నా" అంది, పోనీ వదిలెయ్యమని. ఊరుకున్నాను. గోధుమదాన్ని బాగ్‌బేరాలో ఉండే స్నేహితుడికి ఇచ్చేశారు. వాళ్ళు ఎండల్లో ఊరెళ్ళి వచ్చేసరికి అది మాడిపోయింది.

దాన్ని ఇచ్చేసిన వారమే పూల పోటీలో ఊదాదానికి బహుమతి వచ్చింది. వాసన ఉందా అని ఎవరో పెద్దమనిషి అడిగాడు.

"పచ్చికొబ్బరిలో ఏలక్కాయ నలిపినట్టుంటదండి. చివర నిమ్మతొక్క" అన్నారు ఈయన, తడుముకోకుండా. పెద్దమనిషి వంగి పీల్చి, కళ్ళు మూసుకుని తలూపాడు. వెనకవాళ్ళూ పీల్చి, తలూపారు. అందరూ చెప్పే కథ అక్కడ పుట్టింది. నేను పక్కనే ఉన్నాను. నోరున్నదాన్నని పేరు, ఆ రోజు నోరు విప్పే ఓపిక లేకపోయింది.

ఊదాదాని పిల్లమొక్కల్లో ఒక్కదానికీ వాసన రాలేదు. అయినా అవి పూసినన్నాళ్ళూ పొద్దున్నే పొయ్యి దగ్గర్నుంచి పిలిచి, వత్తందా అని అడిగేవారు. లేదు, లేదు అని చెప్పీ చెప్పీ అలసిపోయాను.

ఈ సంగతి ఎప్పుడెత్తినా "ఇప్పుడవన్నీ ఎందుకే" అంటారు. ఎందుకంటే, పోటీలో ఆయన చెప్పిన వాసన వేరే పువ్వుదని తెలిసే చెప్పారా, లేక ముక్కు లేని ఆ మనిషి నిజంగానే అది ఊదా పువ్వు వాసనే అనుకున్నారా, నాకింకా తేలలేదు.