‘మన’ అనమన్నారు

ఇంగ్లీషు వాళ్ళకి ‘వుయ్’ అని ఒకటే మాట ఉంది. దాన్ని పెద్ద గొడుగులా పట్టుకుని తిరుగుతారు, కింద ఎవరెవరు ఉన్నారో చూసుకోరు. తెలుగులో ఆ సుఖం లేదు. ‘మేము’ అంటే ఎదుటివాళ్ళు బయట, ‘మనం’ అంటే లోపల. నోరు తెరిచేలోపు తేల్చుకోవాలి. మస్కట్‌లో మా తెలుగు చర్చి సంఘానికి పదకొండేళ్ళు ఇంగ్లీషు ప్రసంగాలు తర్జుమా చేశాను. ఎన్ని కష్టమైన మాటలొచ్చినా ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాను గానీ, ఈ చిన్న మాట దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక్క క్షణం ఆగేదాన్ని.

ఈ ఊళ్ళోనే ఖురం అనే పేటలో ఒక క్లినిక్కులో నేను ఫిజియోథెరపీ సహాయకురాలిని. శుక్రవారం సెలవు. చర్చి ప్రాంగణంలో ఒక్కో భాషకి ఒక్కో టైము ఇస్తారు. మాది మధ్యాహ్నం. మలయాళీలు లేచి వెళ్ళాక కుర్చీలు ఇంకా వేడిగా ఉండగానే మేము కూర్చుంటాం. ఇళ్ళల్లో పనిచేసే గోదావరి ఆడవాళ్ళు, డ్రైవర్లు, హోటల్ వాళ్ళు, అందరూ కలిపి నూట యాభై మంది ఉంటారు. దూరాన బహ్లా అనే ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే ఒక తాపీ మేస్త్రి మాకు డోలక్ వాయిస్తాడు.

‘మా’కీ ‘మన’కీ తేడా నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఒంగోలు దగ్గర మా పేటలో పెరిగితే చెప్పక్కర్లేదు. మా నాన్న డప్పు కొట్టేవాడు. జాతరొస్తే ఊరి పెద్దలు పేట మొదట్లో నిలబడి, “మన ఊరి జాతర, నువ్వు లేకపోతే ఎట్టా రా” అనేవాళ్ళు. జాతర ముగిసి, దాహమేసి మంచినీళ్ళ బావి దగ్గరికి పోతే అది ‘మా బావి’ అయిపోయేది. పని ఉన్నప్పుడు మన, నీళ్ళడిగితే మా. అప్పటినుంచీ ఎవరైనా నన్ను ‘మన’లో కలుపుకుంటున్నారంటే, ఏం పని చేయించుకోబోతున్నారా అని ముందు చూస్తాను. ఇది నా బుద్ధి. ఈ వయసులో మార్చుకోను.

అమెరికా మీద అభిప్రాయం లేని మనిషి నాకు గల్ఫ్‌లో ఇంతవరకూ కనపడలేదు. టీ తాగేటప్పుడు ఫోన్లో అక్కడి ఎన్నికలు చూసి, ఓటు లేని మేము కూడా పోట్లాడుకుంటాం. నా అభిప్రాయం మాత్రం ఎన్నికల వల్ల కాదు, పాట వల్ల ఏర్పడింది. మా క్లినిక్కుకి మోకాలి నొప్పితో నల్లజాతి అమెరికన్ పెద్దావిడ ఒకరు వస్తుంది. కూతురు ఇక్కడ బడిలో టీచరు. మోకాలు వంచమంటే ఈవిడ ముందు గొంతు విప్పుతుంది. నొప్పి పెరిగే కొద్దీ పాటా పెరుగుతుంది. మా ఒమానీ డాక్టరు గారు తన గది తలుపు తీసిపెట్టుకుని మరీ వింటారు. ఆవిడ ముత్తాతల కాలంలో వాళ్ళ ఊరి తెల్లవాళ్ళ చర్చిలో వీళ్ళని వెనక మెట్లెక్కి పైన కూర్చోమనేవాళ్ళట. అందుకే వాళ్ళ పెద్దలు వేరే చర్చి కట్టుకున్నారు, వేరే పాట కట్టుకున్నారు. గొంతులోంచి కాదు, పొట్టలోంచి పాడాలని నాకు నేర్పింది ఆవిడే.

ఆవిడ పాట విని, ఇలాంటి పాట పుట్టిన దేశంలో భక్తి ఎంత శుభ్రంగా ఉంటుందో అనుకున్నాను. యాభై దాటినదాన్ని, అంత అమాయకంగా ఎలా అనుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆవిడకే నా మీద జాలి వేసినట్టుంది. “ఎన్నికల ముందు నాయకులందరూ మా చర్చికి వస్తారు, చప్పట్లు కొడతారు, తాళం మాత్రం తప్పుతారు” అని ఒకసారి చెప్పింది. ఆరోజు నవ్వి ఊరుకున్నాను.

మొన్న చలికాలంలో మా పాస్టరు గారు చాలా సంతోషంగా ఫోన్ చేశారు. అమెరికా నుంచి ఒక దైవజనుడు వస్తున్నారనీ, రెండు శుక్రవారాలు మాతో ఉంటారనీ, తర్జుమా నేనే చెయ్యాలనీ చెప్పారు. ఒక షరతు ఉంది. డోలక్ వద్దట. వాళ్ళ సంగీతం లాప్‌టాప్‌లోంచి వస్తుంది, దానికి తెలుగు మాటలు పెట్టి మేము పాడాలి. మొదటి శుక్రవారం మేస్త్రి రెండు గంటల పైన ప్రయాణం చేసి వచ్చి, డోలక్‌ని సంచిలోంచి తీయకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మొదటిరోజే గొడవెందుకని ఊరుకున్నాను.

వచ్చినాయన మంచివాడు. అది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. మా ఆడవాళ్ళు తెచ్చిన చేపల పులుసు చేత్తో కలుపుకుని, కళ్ళ నీళ్ళు కారుతున్నా వదలకుండా తిన్నాడు. పిల్లల పేర్లు అడిగి, పలకడం వచ్చేదాకా పలికాడు. ప్రసంగంలో అరగంట సేపు క్షమాపణ గురించి ఎంత బాగా చెప్పాడంటే, తర్జుమా చేస్తూ నేనే కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత దారి మళ్ళింది. ‘అవర్ నేషన్’ని దేవుడు ప్రత్యేకంగా ఎన్నుకున్నాడన్నాడు. ‘అవర్’ నాయకుణ్ణి దేవుడే నిలబెట్టాడన్నాడు. ఈ ప్రాంతాల్లో ఉన్న ‘అవర్’ శత్రువుల మీద ‘అవర్’ సైన్యం దేవుడి కత్తి అన్నాడు.

నేను ఆలోచించలేదు. “మా దేశాన్ని దేవుడు ఎన్నుకున్నాడు” అన్నాను. “మా నాయకుడు, మా సైన్యం, మా శత్రువులు” అన్నాను. ఆయన సొత్తు ఆయన దగ్గరే ఉంచాను. హాల్లో జనం పొరుగూరి పెళ్ళి కబుర్లు వింటున్నట్టు మర్యాదగా తలలూపారు. ముందు వరుసలో పాస్టరు గారు ఒక్కరే ఊపలేదు.

కూటం అయ్యాక కుర్చీలు సర్దుతుంటే పక్కకి పిలిచారు.

“ఏంటమ్మా అది, మా, మా అంటావేంటి? ప్రభువులో మనందరం ఒకటే కదా. మన అనాలి.”

“దేవుడి సంగతి చెప్పినప్పుడు మన అనే అన్నానండి. ఆయన సైన్యం దగ్గరే మా అన్నాను. అది మన సైన్యం ఎప్పుడయ్యిందండీ?”

“తర్జుమా చేసేవాళ్ళు గొట్టంలాగ ఉండాలమ్మా. అటు పోసింది ఇటు రావాలి, అంతే.”

“ఆయన పోసేది ఒకటేనండి. ఇటుపక్క గొట్టాలు రెండున్నాయి. ఎందులోంచి రావాలో ఎవరో ఒకరు చూడాలి కదండీ.”

ఆయనకి కోపం రాదు, అదే నా ఇబ్బంది. గొంతు ఇంకా తగ్గించి మాట్లాడారు. “వచ్చే శుక్రవారం ఆఖర్న ఆయన ప్రార్థన చెబుతారు. నువ్వు ముక్క ముక్కగా తెలుగులో చెబితే సంఘమంతా నీ వెనకాల పలుకుతుంది. మన అంటానంటే మైకు నీదే. లేదంటే చెప్పమ్మా, ఇంకొకళ్ళని చూసుకుంటాను. ఆ తర్వాత కూడా వాళ్ళే ఉంటారు.”

పదకొండేళ్ళ మైకు. వారమంతా నేను మోకాళ్ళూ మడమలూ పట్టుకునే మనిషిని. ఆ గంటన్నర మాత్రం నూట యాభై మంది నా నోటి మాట కోసం చూస్తారు. అది పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది? నాకైతే లేదు. “వస్తానండి” అన్నాను. మన అంటానని అనలేదు. ఆయన అలా అర్థం చేసుకున్నారు, నేను దిద్దలేదు.

బయట నా స్నేహితురాలు కారులో ఎదురుచూస్తోంది. మా క్లినిక్కులోనే రిసెప్షన్‌లో పనిచేస్తుంది. కడప సాయిబుల పిల్ల, నాకన్నా పదేళ్ళు చిన్నది. శుక్రవారం ఇంట్లో నమాజు, భోజనాలు అయ్యాక వచ్చి నన్ను ఎక్కించుకుంటుంది. ఇద్దరం కలిసి కూరగాయలకి వెళ్తాం.

“ఏందిక్కా, మొగం అట్ల పెట్టినావు?”

అంతా చెప్పాను.

“శత్రువులంటే ఎవురంట?”

“ఈ చుట్టుపక్కల వాళ్ళేనంట.”

అద్దం సరిచేసుకుని గేరు వేసింది. “సరే. శత్రువు కారు నడపతాంది, సీటు బెల్టు పెట్టుకో.”

ఇద్దరం పగలబడి నవ్వాం. రెండు సిగ్నళ్ళు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఆ తర్వాత తను రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. “మా యమ్మకు ఆపరేషనైనప్పుడు మీ చర్చిలో అందరితో ప్రార్థన చేపిస్తివి గదక్కా. అప్పుడు ఏమంటివి?”

“మా అమ్మని బాగుచెయ్యి దేవా అన్నాను. అందరూ నా వెనక అదే అన్నారు.”

ఆ మాట చెబుతుంటేనే నాకు తట్టింది. ప్రసంగంలో ‘మా’ అంటే వినేవాళ్ళు బయట ఉంటారు. ప్రార్థనలో వినేది దేవుడు. పలికే వాళ్ళందరూ ‘మా’ లోపలే ఉంటారు. ఆరోజు నూట యాభై మందికీ ఈ పిల్ల తల్లి ‘మా అమ్మ’ అయింది. వచ్చే శుక్రవారం నేను ‘మా సైన్యం’ అన్నా సరే, అందరూ ఆ సైన్యంలో చేరిపోతారు. మొదటి వారం నేను దాక్కున్న మాట రెండో వారం పనికిరాదు. ఆ పూట కూరగాయలు ఏం కొన్నానో నాకు తెలీదు.

మంగళవారం పెద్దావిడ మోకాలు వంచుతూ ఆవిడకి ఈ రెండు మాటల సంగతీ చెప్పాను. “మా దేశంలో టీవీలో వుయ్ అన్నప్పుడల్లా నేను చుట్టూ చూసుకుంటాను, నన్ను కూడా అంటున్నారా అని” అంది ఆవిడ. ఏం చెయ్యమని మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

రెండో శుక్రవారం ప్రసంగం ఎలాగో ఒడ్డెక్కించాను. మా అనలేదు, మన అనలేదు, ‘అమెరికా’ అని పేరుపెట్టి చెప్పాను. పాస్టరు గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. ప్రార్థనకి అందరూ లేచి కళ్ళు మూసుకున్నారు. అమెరికా ఆయన మొదలుపెట్టాడు.

ఆయన తన దేశాన్ని దీవించమన్నాడు. “ఈయన దేశాన్ని దీవించు దేవా” అన్నాను. అందరూ పలికారు. ఒకరి దేశం కోసం ప్రార్థన చెయ్యడంలో తప్పేముంది? తన నాయకుడికి జ్ఞానమిమ్మన్నాడు. “ఈయన నాయకుడికి జ్ఞానమివ్వు దేవా” అన్నాను. అది నేనూ మనస్ఫూర్తిగానే పలికాను. ఆ తర్వాత, ఈ ప్రాంతాల్లోని ‘అవర్’ శత్రువులను ‘అవర్’ సైన్యం ముందు నేలమట్టం చెయ్యి అన్నాడు.

నేను ఆగాను. ‘ఈయన శత్రువులను’ అన్నా కూడా, నేలమట్టం చెయ్యమని అడిగే నోరు వీళ్ళదే. ఆయన నాకు వినపడలేదనుకుని కళ్ళు మూసుకునే ఇంకోసారి చెప్పాడు.

“విన్నానండి. ఈ మాట వీళ్ళ నోట పెట్టను” అని ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. అదే మళ్ళీ మైకులో తెలుగులో చెప్పాను. తర్జుమా చేసేదాన్ని, సగం చెప్పి ఊరుకోకూడదు కదా.

భయమేసింది, నిజం. పాస్టరు గారు వచ్చి చెయ్యి చాచారు, మైకు ఇచ్చేశాను. ఆయన గొంతు సవరించుకుని, “దేవా, మన శత్రువులను...” అన్నారు. అన్నాక ఆయనకే వినపడింది. దేవుడితో మాట్లాడుతూ ‘మన’ అంటే దేవుణ్ణి కూడా ఆ గొడవలోకి లాగినట్టే. ముప్ఫై ఏళ్ళుగా ప్రార్థన చేస్తున్న మనిషి నాలుక అక్కడ తడబడింది. కొందరు పలికారు. కొందరు కళ్ళు తెరిచి చూశారు. ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యకుండా “ఆమెన్” అనేశారు. అమెరికా ఆయన వెళ్ళేటప్పుడు నాకు చెయ్యి ఇచ్చాడు గానీ ముఖంలోకి చూడలేదు.

భోజనాలయ్యాక కుళాయిల దగ్గర గిన్నెలు కడుగుతుంటే, కోనసీమ నుంచి వచ్చి ఒమానీల ఇంట్లో పనిచేసే ఒకామె నా పక్కన చేరింది.

“అక్కా, ఆకర్న మాచేత ఏం అనిపించబోయేరండీ ఆయన?”

ఉన్నదున్నట్టు చెప్పాను. సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయింది.

“మా మేడమ్ గారి పాప నేను పక్కన లేకపోతే నిద్దరోదండి. పొద్దున్న లేచి ఆ పిల్లకి జడెయ్యాలి. ఇక్కడ ఆ మాట అనేసి, ఏ చేతుల్తో వేస్తానండీ?”

పక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న పాస్టరు గారు ఆ మాట విన్నారు. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే లోపలికి వెళ్ళిపోయారు.

మైకు ఇప్పుడు వేరేవాళ్ళ దగ్గర ఉంది. బాధ లేదంటే నమ్మకండి. ప్రసంగం మొదలైనప్పుడల్లా నా నాలుక దురద పెడుతుంది. కానీ ఒక్క శుక్రవారం కూడా మానలేదు. మానితే తప్పు నాదని ఒప్పుకున్నట్టు అవుతుంది. వచ్చే నెల ఇంకొక అతిథి వస్తున్నారని పోయిన వారం చెప్పారు, తర్జుమా ఎవరని చెప్పలేదు. నన్ను అడిగితే వెళ్తాను, బాగా చేస్తాను. అలాంటి మాట మళ్ళీ వస్తే మళ్ళీ అక్కడే ఆగుతాను.