గులకరాళ్ళ మీద గోంగూర

నా పేరు వెంకటరత్నమ్మ. వయసు డెబ్బై నాలుగని పాస్‌పోర్టులో ఉంది, నిజానికి ఒకటి రెండు ఎక్కువే ఉంటాయి. కెనడాలో ఈ కిచెనర్‌లో మా అబ్బాయి, కోడలు, మనవరాలు, నేను ఒక ఇంట్లో ఉంటాం. మా పక్కింటి అన్నయ్యగారు రెండు వారాల కిందట, ఆదివారం పొద్దున ఆసుపత్రిలో పోయారు. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. ఒక్క మాట కూడా దిద్దొద్దని ముందే చెప్పాను. మన సంఘం పత్రిక చదివేవాళ్ళంతా ఇది వినాలి.

ఆయన పెరట్లో చేపల తొట్టి ఒకటి ఉంది. దానిమీద గులకరాళ్ళ మడి, ఆ మడిలో గోంగూర. ఇల్లు అమ్మకానికి పెట్టారు. శనివారానికల్లా పెరడు ఖాళీగా ఉండాలని ఏజెంటు చెప్పాడట. చేపల్ని షాపులో ఇచ్చేసి, తొట్టి చెత్తకి పంపుదామని ఆయన కూతురంది. మా అబ్బాయి కూడా అదే సరైన పనన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలంటే ముందు ఆ మనిషి గురించి చెప్పాలి.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. నేనీ ఊరు వచ్చిన కొత్తల్లో కంచె అవతల నుంచి "ఏ ఊరమ్మా మీది?" అని మొదట పలకరించిన మనిషి. కొల్లేటి పక్కన అన్నాను. అప్పట్నుంచి నేను చెల్లెమ్మని, ఆయన అన్నయ్యగారు. ఇక్కడ మునిసిపాలిటీ మంచినీళ్ళ ప్లాంటులో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి చాలా కాలమైంది.

మూడేళ్ళ కిందట, మంచు కరిగిన నెలలో, ఒక నీలం పీపాని రంపంతో నిలువునా కోస్తూ కనబడ్డారు.

"ఏంటన్నయ్యగారూ, పీపాకి ఆపరేషనా?"

"చేపలు పెంచుతా చెల్లెమ్మా. వాటి మురుగునీళ్ళని మోటారు పైకి తోడుతుంది. పైన రాళ్ళలో మొక్కలుంటాయి. మురుగంతా మొక్కలు తినేసి, మంచి నీళ్ళని కిందకి వదుల్తాయి. మళ్ళీ చేపలకి."

"చేప వాసన తగిల్తే తలంటు పోసుకునే మనిషి, మీరు చేపలు పెంచుతారా?"

"అందుకే వాటికి నా దగ్గర భయం లేదు. నువ్వు మాత్రం కంచె అవతలే ఉండు."

నేను కంచె ఇవతల ఉండే రకం కాదు. మర్నాడే వెళ్ళి రాళ్ళు కడగడానికి కూర్చున్నాను. ఇద్దరికీ ఆ పని కొత్త. ఆయన ఫోనులో వీడియోలు చూసి చెప్పేవారు, నేను పట్టుకోమన్నది పట్టుకునేదాన్ని. పైపు మూడు చోట్ల కారింది. మడి బరువుకి చెక్కలు విరిగాయి. మళ్ళీ కట్టాం. పన్నెండు బంగారు చేపలు తెచ్చారు. పులుసుకి పనికొస్తాయా అనడిగితే ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నారు వేశాక వారాల తరబడి అది ఎదగలేదు. పీకేసి మట్టిలో పెడదామన్నాను. "ఇంకా కూలీలు దిగలేదు చెల్లెమ్మా" అన్నారు. కంటికి కనబడని పురుగులు రాళ్ళకి పట్టాలట. చేపల మురుగుని మొక్క తినగలిగేలా మార్చేది అవేనట. "తొందర మనకి. నీళ్ళకి లేదు" అనేవారు. పొద్దున్నే పైపులోంచి పడే నీళ్ళ కింద అరచెయ్యి పెట్టి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకుని నిలబడేవారు. అప్పుడు పలకరిస్తే విసుక్కునేవారు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆయన టొరంటో పక్క నార్త్ యార్క్‌లో కూతురి దగ్గరికి వెళ్తూ, చూస్తూండమని రెండు రోజులు తొట్టి నాకప్పగించారు. చిటికెడు మేతే వెయ్యమన్నారు. చిటికెడు! మా ఊళ్ళో చేపల చెరువుల మీద కూలికి పోయినదాన్ని. తవుడూ, వేరుశనగ చెక్కా గంపలతో పోసిన చేతులివి. ఆ చేపలు ఎండు పుల్లల్లా కనబడ్డాయి నాకు. వేరుశనగ గుళ్ళు దంచి, బియ్యం కడిగిన నీళ్ళలో కలిపి, గిన్నెడు పోశాను. సాయంత్రానికి ఇంకో గిన్నెడు. మర్నాటికి నీళ్ళమీద నురగ, పుల్లటి కంపు. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఏడు పోయాయి. చెరువుకీ పీపాకీ తేడా తెలియని పని చేశాను.

ఆయన కారు దిగగానే ఎదురెళ్ళి చెప్పాను. "నేనే చంపానన్నయ్యగారూ. ఇంక నన్ను రానివ్వకండి."

ఆయన తొట్టిలోకి చూశారు. బ్రతికున్నవాటిని బకెట్టులోకి తీసి, సగం నీళ్ళు మార్చి, అప్పుడు మాట్లాడారు. "నీకంటే ముందు నేను పదకొండు చంపాను. నీకు చెప్పకుండా వేరేవి తెచ్చి వేశాను. మొదటివాటిని తిన్నగా కుళాయి నీళ్ళు పట్టి అందులో వదిలాను. ముప్పై ఏళ్ళు ఈ ఊరి నీళ్ళలో క్లోరిన్ కలిపించినవాణ్ణి నేనే!"

ఇద్దరం పెరట్లో నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వాం. ఆ మర్నాటి నుంచి నీళ్ళ పరీక్ష నా పనిగా చేశారు. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వెయ్యాలి. పసుపు రంగుంటే క్షేమం. ఆకుపచ్చకి తిరిగితే మేత ఆపి నీళ్ళు మార్చాలి. "నీకు చదవక్కర్లేదు చెల్లెమ్మా, చూడ్డం వస్తే చాలు" అన్నారు. డెబ్బై ఏళ్ళు దాటాక నాకు కొత్తగా ఒక పని నేర్పిన మనిషి ఆయనొక్కరే. మిగతావాళ్ళంతా నన్ను కూర్చోమనేవాళ్ళే.

ఈ ఎండాకాలం ఆయన మంచాన పడ్డారు. తొట్టి పూర్తిగా నా చేతికొచ్చింది. ఒక మధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. మోటారు ఆగింది. గాలాడక చేపలు చచ్చిపోతాయి కదా, చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తుమీంచి పోస్తూ కూర్చున్నాను, కరెంటొచ్చేదాకా. భుజం పడిపోయింది. ఒక్క చేపా చావలేదు. ఆయన కిటికీలోంచి అంతా చూశారు. సాయంత్రం గోంగూర పచ్చడి పట్టుకెళ్తే, "నీళ్ళు మరీ ఎత్తునుంచి పోశావు, సగం బయటే పడ్డాయి" అన్నారు. అదీ ఆయన మెప్పు.

అలాంటి తొట్టిని చెత్తకి పంపుతామంటే ఊరుకుంటానా? మన గరాజులో పెడతానన్నాను.

"అమ్మా, మరి కారెక్కడ పెట్టను?" అన్నాడు మా అబ్బాయి.

"మంచులో పెట్టు. కారు ఊపిరాడకపోయినా చావదు."

"నీకు చదవడం రాదు, రేపు ఏదైనా తేడా వస్తే?"

"చదువొచ్చిన ఇంజనీరు పదకొండు చంపాడు. చదువురాని నేను ఏడు. లెక్క నువ్వే చూసుకో."

కోడలు నవ్వింది. వాడు నవ్వలేదు గానీ కారు తాళాలు తీసుకుని లేచాడు.

ఈ రోజు శనివారం. పొద్దున్నే అందరం కలిసి మార్చాం. ఆయన కూతురు రాళ్ళు శుభ్రం చేద్దామని పైపు తెచ్చింది. "ఆపమ్మా!" అని అరిచాను. "రాళ్ళకి పట్టిన ఆ జిగురే కదా మీ నాన్న మూడేళ్ళ కష్టం. కుళాయి నీళ్ళు తగిలితే అందులో పురుగు చస్తుంది." ఆ అమ్మాయి పైపు కింద పెట్టేసింది. ఒక్కో రాయీ తడారకుండా తొట్టి నీళ్ళలోనే ముంచి తెచ్చింది. గోంగూర ఈ చలికి ఎలాగూ బతకదు. ఆయన చలికాలంలో తొట్టిని బేస్‌మెంటులోకి దించి చేసినట్టే, లైటు కింద పాలకూర, మెంతికూర వేస్తాను. క్రిస్మస్ దాకా చూద్దామంటున్నాడు మా అబ్బాయి. నేనా గడువు ఒప్పుకోలేదు. అందుకే పదిమందిలో పెట్టి రాయిస్తున్నాను: నా ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ ఆ మోటారు ఆగదు.

సాయంత్రమైంది. ఆయన కూతురు ఇంకా మా గరాజులోనే ఉంది. "వెళ్తానాంటీ, ట్రాఫిక్ ఎక్కువైపోతుంది" అని రెండుసార్లంది. కుర్చీ తెస్తానంటే వద్దంది. కోటు వేసుకునే, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నీళ్ళలో వేలు పెట్టింది. చేపలు ఒక్కొక్కటే వచ్చి ఆ వేలిని నోటితో తాకి చూసి పోతున్నాయి. ఆ అమ్మాయి వేలు తియ్యడం లేదు.

వెంకటరత్నమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

చూసి సంతకం పెట్టినవాళ్ళు:
మాధవి, కోడలు, చెప్పింది చెప్పినట్టు రాసినది
సునీత, అన్నయ్యగారి కూతురు